ఉచిత వింతల్లో నాలుగో నంబరు

నన్ను చూడటానికి టిక్కెట్టు లేదు. ఇది నేను చెప్పుకుంటున్న గొప్ప కాదు, ఇంటర్నెట్‌లో ఉంది! "ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక్క సెంటు ఖర్చు లేకుండా చూడదగ్గ పది వింతలు" అని ఎవరో పుణ్యాత్ములు జాబితా రాశారు. మూడోది స్టేషన్ వెనక జనాన్ని అవతలి గట్టుకు చేర్చే ఫెర్రీ. ఐదోది చర్చిలో మధ్యాహ్నం పూట ఆర్గన్ కచేరీ. ఆ రెంటి నడుమ, నాలుగో నంబరుగా, మా లోగిలి!

లోగిలి అంటే మరేం లేదు. పందొమ్మిది బుల్లి ఇళ్ళు, మధ్యలో గులాబీ మొక్కలు, వీధిలోకి ఒకే ఒక్క తలుపు. లోపల పెళ్ళి చేసుకోనివాళ్ళం, మొగుళ్ళు పోయినవాళ్ళం, మొగుళ్ళను పొమ్మన్నవాళ్ళం. "అసలు సిసలు డచ్చి ముసలమ్మలను వారి సహజ వాతావరణంలో చూడవచ్చు" అని రాశారు. డెబ్బై ఒకటో ఏట ఆర్గన్ కచేరీకంటే ఒక మెట్టు పైనున్నాను. ఎంతమందికి దక్కుతుంది చెప్పండి ఈ గౌరవం?

నలభై ఏళ్ళు ట్రాముల్లో తిరిగి జనాన్ని టిక్కెట్టు అడిగినదాన్ని నేను. ఇప్పుడు టిక్కెట్టు లేకుండా నన్నే చూసి వెళ్తున్నారు. చేసుకున్నవారికి చేసుకున్నంత!

మా లోగిట్లో కొందరు ఈ టూరిస్టుల మీద నోరు పారేసుకుంటారు. నేను ససేమిరా ఒప్పుకోను. టూరిస్టు వరం! అందులోనూ జేబులోంచి ఏమీ తియ్యని టూరిస్టు మహా వరం.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. మా డచ్చివాళ్ళు కిటికీలకు తెరలు కట్టరు. దాచుకోవడానికేమీ లేని మనిషికి తెర ఎందుకు? తెర వేసిన ఇల్లు కనబడితే మాకు గుమ్మడికాయల దొంగే గుర్తొస్తాడు. అందుకని మా అద్దాలకు రోజుకు ముప్ఫై ముక్కులు వచ్చి ఆనుతాయి. ముప్ఫై ముక్కుల ముద్రలు తుడిచి చూడండి, భుజాలు ఉక్కుముక్కలవుతాయి. పాపం, జిమ్ముకు వెళ్ళేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

ఒంటరితనమా? ఆ మాటే మరిచిపోయాను. బఠాణీ సూపు చెంచాతో నోట్లో పోసుకుంటుంటే బయట నలుగురు నిలబడి తలలు ఊపుతారు. ఒకాయనైతే మళ్ళీ తాగమని సైగ చేశాడు. ఫొటో చెదిరిందట! తాగాను. రెండోసారి కాస్త వగలు కూడా పోయాను.

ఇంకొకామె నేరుగా ఇంట్లోకి వచ్చి "బాత్రూం ఎక్కడ?" అంది. చూపించాను. బయటికొచ్చి, "చాలా శుభ్రంగా మెయింటెయిన్ చేస్తున్నారు" అని మెచ్చుకుంది. నా కడుపున పుట్టినవాళ్ళు కూడా ఏనాడూ ఆ మాట అనలేదు!

పైగా మార్కులు వేస్తారండీ. "కుడివైపు రెండో కిటికీలో వృద్ధురాలు బాగుంది, కానీ నవ్వదు. మూడు స్టార్లు." ఇది నేను. "మూడో కిటికీలో ఆమె మేజోళ్ళు అల్లుతుంది. అద్భుతం. ఐదు స్టార్లు." ఇది పక్కింటి ఫెన్నా. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇరవై రెండేళ్ళుగా పొద్దున పదింటికి ఆమె ఇంట్లో కానీ నా ఇంట్లో కానీ మేమిద్దరం కాఫీ తాగుతూ వచ్చాం. ఒక్క రోజు తప్పలేదు. నాకున్న ఆస్తి ఏమిటని అడిగితే ఆ పది గంటల కాఫీయే చూపిస్తాను.

"ఐదు స్టార్లొచ్చాయని మిడిసిపడకే ఫెన్నా" అన్నాను.

"నీకూ వస్తాయిలే హిల్లీ. ఆ మొహం కాస్త గోడవైపు తిప్పి కూర్చో, చాలు" అంది.

ఫెన్నా పుట్టినరోజు సంగతి చెప్పకపోతే ఈ వరం విలువ మీకు తెలియదు. మా పుట్టినరోజులు తెలుసు కదా. కుర్చీలు గుండ్రంగా వేస్తాం. వచ్చినవాళ్ళు పుట్టినరోజు మనిషికే కాదు, వరసగా అందరికీ చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పి ఖాళీ కుర్చీలో కూర్చుంటారు. ఎవరు ఎవరి తాలూకు అని అడగడం మర్యాద కాదు. ఆ రోజు తలుపు తీసే ఉంది. ఒక కుర్ర జంట లోపలికొచ్చింది. ముందున్నవాళ్ళను చూసి పద్ధతిగా చుట్టూ అందరికీ చేతులు కలిపింది, కూర్చుంది. ఫెన్నా వాళ్ళను నా చుట్టాలనుకుంది. నేను ఫెన్నా చుట్టాలనుకున్నాను. కేకు ముక్క ఇచ్చాం, కాఫీ ఇచ్చాం, మా ఆనవాయితీ ప్రకారం తలా ఒక్కటే బిస్కెట్ ఇచ్చి డబ్బా మూత పెట్టాం.

అప్పుడు ఆ కుర్రాడు మూత తీసి రెండో బిస్కెట్ తీసుకున్నాడు!

రెండో బిస్కెట్ తీసుకునేవాడు మాలో ఎవరి కడుపునా పుట్టి ఉండడు. పిలవని పేరంటమని అందరికీ ఒక్కసారే తెలిసిపోయింది.

పాపం మంచి పిల్లలే. థాంక్స్ చెప్పి వెళ్ళారు. వెళ్ళి ఊరుకున్నారా? ఇంటర్నెట్‌లో రాశారు: "నాలుగో నంబరులో కేకు కూడా ఫ్రీ. మధ్యాహ్నం మూడు నుంచి." మర్నాడు మూడింటికి ఫెన్నా గుమ్మంలో పదకొండు మంది క్యూ కట్టారు. ఒకరు తమ ప్లేటు కూడా తెచ్చుకున్నారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు కదా, ఇది ఆపిల్ కేకు!

ఫెన్నా వెళ్ళి లోగిలి మేనేజర్ రూలోఫ్‌ను కలిసింది. లోగిలి బాగోగులు చూసే ట్రస్టుకు ఆయనే పెద్ద దిక్కు. తోడుగా నేనూ వెళ్ళాను.

"ఆ వీధి తలుపు మూయించండి బాబూ. ఇలాగైతే నేనిక్కడ ఉండలేను" అంది.

"అదెలా కుదురుతుంది మేడమ్! వారసత్వ సంపద కదా. అది అందరిదీ" అన్నాడు ఆయన.

"సంపద అందరిదీ సరే. ఇల్లు మటుకు నాది" అంది ఫెన్నా. ఆయన చాలా మర్యాదగా నోట్ చేసుకున్నాడు.

ఆ వారమే ఫెన్నా కిటికీకి తెర కట్టింది. లోగిట్లో గగ్గోలు! మూడు వందల ఏళ్ళలో ఆ కిటికీకి తెర లేదు. నేనే ముందు వెళ్ళి నిలదీశాను. అవునండీ, నేనే.

"ఏం దాస్తున్నావే లోపల?"

"నన్ను" అంది ఫెన్నా.

నేను నవ్వాను. ఐదు స్టార్ల మనిషికి పొగరు పెరిగిందని తోటలో పదిమందికి చెప్పి నవ్వించాను కూడా. తెర వేశాక ముక్కులు ఇంకా పెరిగాయి. మూసినదాన్ని చూడాలనే సరదా తీసినదాని మీద ఉండదు కదా. రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున పదింటికి నేను కాఫీకి వెళ్ళేసరికి ఫెన్నా కప్పులు పాత పేపర్లలో చుడుతోంది. పక్క ఊరు పుర్మెరెండ్‌లో మూడో అంతస్తు ఫ్లాటుకు మారిపోతోందట. అక్కడ చూడటానికేమీ లేదు, అందుకని ఎవరూ రారట.

ఇక్కడా వరమే! ఆ ఖాళీ ఇల్లు ఊరికే ఉండలేదు. లోగిట్లో ఇంటి కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే ఆడవాళ్ళు ఎంతోమంది. వాళ్ళలో ఒకరొస్తారు, పొద్దున పదింటికి కాఫీకి పిలవచ్చు అని నేను కప్పులు తోమి పెట్టుకున్నాను. ట్రస్టు అంతకంటే గొప్ప పని చేసింది. దాన్ని నమూనా ఇల్లుగా మార్చింది. ప్రవేశం ఉచితం. కిటికీ దగ్గర కుర్చీలో ఒక బొమ్మను కూర్చోబెట్టారు. తెల్ల టోపీ, చేతిలో అల్లిక సూదులు, సగం అల్లిన మేజోడు. తెర తీసేశారు.

బొమ్మ చాలా బాగా పని చేస్తోంది. నవ్వుతూనే ఉంటుంది. బాత్రూం ఎక్కడని అడిగితే విసుక్కోదు.

పోయిన వారం ఒక కుటుంబం ఆ బొమ్మను చూసి, ఇటు నడిచి నా కిటికీ ముందు ఆగింది. తల్లి అద్దానికి ముక్కు ఆనించి, "ఇది ఇంకా బాగా చేశారు, కళ్ళు కూడా కదులుతున్నాయి" అంది.

పాఠకులారా, అప్పటిదాకా నేను మీతో వాదించిన ప్రతి మాటకూ కట్టుబడి ఉన్నదాన్ని. ఆ క్షణంలో మాత్రం తాగుతున్న సూపు చెంచా కింద పెట్టేశాను. ఫెన్నాను చూసి నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె అంత దూరం వెళ్ళిపోయింది ముక్కుల వల్ల మాత్రమే కాదు. పక్కింటిదాన్ని, నేనూ ముక్కు ఆనించాను కాబట్టి.

మర్నాడే బజారుకు వెళ్ళి తెరగుడ్డ కొన్నాను. మందంది, ఆకుపచ్చది. కట్టి, ఫెన్నాకు ఫోన్ చేశాను. "తెర కట్టానే. ఇప్పుడైనా కాఫీకి వస్తావా?"

"ఎందుకు కట్టావ్? ఏం దాస్తున్నావేమిటి?" అంది. అప్పు తీర్చేసుకుంది!

నిన్న పొద్దున బస్సెక్కి వచ్చింది. సరిగ్గా పదింటికి. కాఫీ పోశాను, తలా ఒక బిస్కెట్ పెట్టాను. తెర అవతల అడుగుల చప్పుడైంది.

"అరెరె, నాలుగో నంబరు ఇదే కదా? మూసేశారే" అంది ఒక గొంతు.

"పోనీలే, ఫ్రీయే కదా. మనకు పోయిందేముంది?" అంది ఇంకో గొంతు.

అడుగులు దూరమయ్యాయి. నేను అలవాటుకొద్దీ డబ్బా మూత అందుకున్నాను. మళ్ళీ కింద పెట్టేసి, డబ్బా ఫెన్నా వైపు జరిపాను.

"ఇంకోటి తీసుకోవే. ఎవరూ చూడట్లేదు."