పాలకాయతిప్పలో నవ్విన పిల్ల

శనివారం పొద్దున్నే ఉపవాస ప్రార్థన చూసుకుని, పదకొండింటి బస్సుకి బందరు వెళ్లి రావాలని సుమలత అనుకుంది. పాపం, అంతే అనుకుంది. గుడివాడకు బందరెంత దూరం గనక!

బందరులో అబ్దుల్ జబ్బార్ గారి పాత వీడియో షాపులో ఆ కేసెట్ ఉందని తెలిసింది. తొంభై ఎనిమిదిలో పాలకాయతిప్పలో తీసిన పాప్ పాట అది. కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఎక్కడా కట్ లేకుండా, నలభై మంది రంగు గొడుగులతో ఇసుకలో పరుగెత్తుతారు. ఆ తర్వాత ఐదేళ్లపాటు దివిసీమలో గొడుగు పట్టుకుని పరుగెత్తకుండా ఒక్క పెళ్లి కేసెట్టూ పూర్తి కాలేదు! ఆ నలభై మందిలో కాలేజీలో చదివే సుమలత ఒకతి. ఇప్పుడు యూట్యూబ్‌లో పాట వినిపిస్తుంది గానీ బొమ్మ లేదు. ఆ వయసులో ఆమె ఫోటో ఒక్కటీ మిగల్లేదు.

పాప్ పాటలు సాతాను వలలని పాస్టర్ గారు నెలకోసారైనా చెబుతారు. అందుకే విన్నపాల వేళ సుమలత అసలు సంగతి మింగేసింది.

"పాలకాయతిప్పలో వదిలేసొచ్చానండీ. ఒక్కసారి కళ్లారా చూడాలి, ప్రార్థన చెయ్యండి," అని ఏడ్చేసింది.

"అయ్యో, కన్నబిడ్డే!" అంది స్త్రీల సమాజం సెక్రటరీ సరోజ. వెంటనే వాట్సాప్‌లో పెట్టేసింది. పామిడిముక్కల నుంచి ఆమెన్లు వచ్చాయి. తోట్లవల్లూరు చేరేసరికి బిడ్డ కాస్తా కవలలయింది.

భర్త దేవసహాయం ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడే వాడు?"

"ఎవడూ లేడండీ బాబూ! వీడియో కేసెట్ కోసం."

"కేసెట్ కోసం ఏడుస్తారటే ఎవరైనా? పద, నేనూ వస్తా."

బండెక్కించుకుని బయల్దేరాడు. తల్లీబిడ్డల కలయిక ఊళ్లోవాళ్లు చూడొద్దూ మరి! వెనకాలే రెండు ఆటోల్లో సంఘం, పాస్టర్ గారితో సహా.

జబ్బార్ గారు దుమ్ము దులిపి కేసెట్ పెట్టారు. గీతల మధ్య సముద్రం కదిలింది. పసుపు గొడుగు ఎగిరిపోతుంటే, పట్టించుకోకుండా ఒక పిల్ల విరగబడి నవ్వుతోంది.

"అదిగో, దాన్నే చూడాలనుకున్నానండీ," అంది సుమలత. ఎంత బెంగపెట్టుకుందో ఆమెకే తెలుసు.

దేవసహాయం టీవీ దగ్గరకు జరిగాడు. "ఇంత బాగా నవ్వేదానివా? నేనెప్పుడూ చూళ్లేదే."

"అంత అవసరం పడలేదు లెండి."

ఆయన తల దించుకున్నాడు.

"మరి కవలలు?" అంది సరోజ.

"చాలమ్మా, టీవీ ఆపించండి, ప్రార్థన చేసుకుందాం," అన్నారు పాస్టర్ గారు, ఎందుకో కంగారుగా.

"ఉండండి! ఆ ఎర్రగొడుగు కింద గళ్లచొక్కా కుర్రాడు మీరే కదండీ?" అంది సరోజ.

షాపంతా ఆయన వైపు తిరిగింది. పాస్టర్ గారు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

"జబ్బార్ గారూ, ఇంకొక్కసారి వెయ్యండి."

ఆ మధ్యాహ్నం పాట పదకొండుసార్లు వేశారు. ప్రార్థన మాత్రం ఆదివారానికి వాయిదా పడింది.