ఉప్పు నేలకు పరుగు పాసు

ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క ఉప్పు నేల ఉండేది. జంతువులన్నీ ఆ మట్టి నాకుతూ హాయిగా బతికేవి. అందరూ హాయిగా బతికితే పరుగుల శాఖ అధికారి నక్క దక్షారావుకి పనేముంటుంది? "అడవికి దేహదారుఢ్యం పెరగాలి. ఇకమీదట పరుగు పరీక్ష పాసైనవాళ్లకే ఉప్పు!" అని ఉత్తర్వు వేశాడు.

అది విని కడుపుతో ఉన్న దుప్పి సింగారమ్మ గుండె జారిపోయింది. అప్పటికే ఆమె మెడ వాచింది, ఒంట్లో ఓపిక లేదు. కొంగ డాక్టరు మెడ తడిమి చూశాడు.

"థైరాయిడ్ మందగించిందమ్మా. కడుపుతో ఉన్నప్పుడు ఆ మట్టిలోని అయోడిన్ ఇంకా ఎక్కువ అందాల్సిందే. లేకపోతే పుట్టే బిడ్డ చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, పరుగెత్తే వయసొచ్చాక ఆయాసపడుతుంది."

పరుగు రాని దుప్పి పిల్ల పులికి పలహారమే. సింగారమ్మ ఆఫీసుకి వెళ్లింది.

"పరిగెత్తి చూపించు," అన్నాడు దక్షారావు తలెత్తకుండా.

"ఈ కడుపుతోనా బాబూ? ఉప్పు నాకోసం కాదు, బిడ్డ కోసం."

"అయితే బిడ్డనే రమ్మను. పుట్టి, పరిగెత్తి, పాసయ్యాక చూద్దాం."

ఆమెకి ఒళ్లు మండింది. ఇంటికి రాగానే, పాసున్న మొగుణ్ణి నిలదీసింది. "నువ్వు నాకింది చాలు. రేపట్నుంచి ఆ మట్టిలో పొర్లి రా!"

పాపం, అతను రోజూ పొర్లి వచ్చేవాడు. ఆమె కొమ్ముల నుంచి తోక దాకా నాకేది. "ఈ వయసులో ఎంత మురిపెమో!" అని ఇరుగుపొరుగు లేళ్లు బుగ్గలు నొక్కుకున్నాయి.

మరుసటి ఏడు పిల్లలకు పరుగు పరీక్ష పెట్టారు. దక్షారావు జెండాలు కట్టించి, స్వయంగా ఈల ఊదాడు. సగం దూరానికే పిల్లలన్నీ చతికిలబడ్డాయి. ఆయన సొంత కూనలైతే జెండా కిందే కూర్చుని రొప్పాయి. సింగారమ్మ కొడుకు ఒక్కడే గీత దాటి, అది చాలక ఇంకో చుట్టు కొట్టాడు. ఆ తల్లి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

విచారణ సంఘం కూర్చుని, తప్పంతా ఈలదేనని తేల్చింది.

దక్షారావు మాత్రం చాటుగా సింగారమ్మ దగ్గరికొచ్చాడు. "ఏం కోచింగ్ ఇప్పించావమ్మా?"

"కడుపులో ఉండగానే ఇప్పించాను బాబూ," అని ఆమె నవ్వుతూ సంగతంతా చెప్పింది.

నక్క మొహం పాలిపోయింది. "మా ఆవిడ మళ్లీ నెల తప్పింది. మెడ కూడా వాచింది."

"మీరూ వెళ్లి పొర్లండి మరి."

"నాకు పాసెక్కడిది? పదడుగులేస్తే ఆయాసం!"

సాయంత్రానికల్లా కొత్త ఉత్తర్వు వచ్చేసింది: కడుపుతో ఉన్నవాళ్లకు పరీక్ష లేదు, ఉప్పు ముందుగా వాళ్లకే.

నీతి: ఉత్తర్వులో తప్పు దొరకాలంటే విచారణ సంఘం అక్కర్లేదు, వేసినవాడి ఇల్లాలు నెల తప్పితే చాలు.