ఎదురు వరుసలో అమ్మాయి

రెండో ఏడాది కంప్యూటర్ సైన్స్ చదువుతున్న అమ్మాయికి సివిల్ ఇంజనీరింగ్ మీద మనసు పోయిందని తెలిసినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమాత్రం కంగారుపడలేదు. తలుపులు వేసి, టీవీ ఆపి, బంధువులను పిలిపించారు, అంతే.

అధ్యక్షత పెదనాన్నది. ఆయన చదివింది సివిల్, చేసింది సాఫ్ట్‌వేర్. అన్నయ్య చదివింది మెకానికల్, చేస్తున్నదీ సాఫ్ట్‌వేరే. కాబట్టి ఏ బ్రాంచి అయినా ఒకటేనని ఆయన సవినయంగా నిరూపించారు.

"ఒకటే అయితే మారతాను పెదనాన్నా," అంది అమ్మాయి.

"ఒకటే అయినప్పుడు మారడం దేనికే?"

సభ తలలూపింది.

అమ్మాయి తనను తాను ఎన్నోసార్లు తరచి చూసుకుంది. కంప్యూటర్‌లో మార్కులకు కొదవ లేదు. కానీ వాన పడితే స్నేహితురాళ్లు వరండాలోకి పరుగెత్తేవారు. తాను మాత్రం నీళ్లు గేటు దగ్గరే ఎందుకు ఆగుతున్నాయా అని తడుస్తూ నిలబడేది. ఆ కాసేపూ తనెవరో తనకు స్పష్టంగా తెలిసేది.

కాలేజీలో బ్రాంచి మార్పు కమిటీ ఉంది. మంచి మార్కులు తెచ్చుకున్నవారిని సివిల్ నుంచి విముక్తులను చేసి కంప్యూటర్‌కు పంపడం దాని పవిత్ర బాధ్యత. ఆనవాయితీ ప్రకారం కమిటీ అమ్మాయి మార్కులు చూసి, అభినందించి, కంప్యూటర్ సీటు ప్రసాదించింది. ఆ సీటు తనకు ముందే ఉందని ఆమె మనవి చేసుకుంది.

సివిల్ విభాగాధిపతి కళ్లజోడు తీశారు.

"నిజం చెప్పు తల్లీ, ఇంట్లో ఏమైనా గొడవా?"

"లేదు సార్. ఇష్టం."

పరీక్ష తప్పడం, అనారోగ్యం, భగ్నప్రేమ ఇవన్నీ కమిటీకి అర్థమయ్యే కారణాలు. ఇష్టానికి పూర్వోదాహరణ లేదు. మానసిక సలహాదారు దగ్గరికి పంపారు.

"నిద్ర పడుతోందా?" అని ఆవిడ అడిగింది.

"హాయిగా పడుతోంది మేడం."

ఆవిడ ముఖం మరింత గంభీరమైంది.

చివరికి, ఆమె ఖాళీ చేసే సీటుకు విభాగాధిపతిగారి మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడని తేలాక, విద్యార్థుల ఇష్టాన్ని గౌరవించడం విద్యాధర్మమని కమిటీ ఏకగ్రీవంగా గుర్తించింది.

కబురు విని నాన్న వీధి తలుపు తీసి బయటికి చూశాడు. తర్వాత, మన వీధి కాలువ సంగతి కాస్త చూడమ్మా అన్నాడు. ఆమెకు అదే పట్టా దొరికినట్టయింది. బంధువులకు మాత్రం ఆయన "ఇంజనీరింగ్ చేస్తోంది" అని చెప్పి, వెంటనే వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు.

ఈపాటికి మీరు కూడా ఆ అమ్మాయిని మనసారా మెచ్చుకుని ఉంటారు. మీ సంస్కారం అలాంటిది. మీ అమ్మాయిని ఏ బ్రాంచిలో చేర్చారని అడగడం మర్యాద కాదు.