నీళ్లు వచ్చేదాకా దిగను

ఎమ్మిగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పే భీమసేనరావు మాస్టారు ఆ ఆదివారం పొద్దున భార్య గోదావరికి తన కార్యక్రమం వివరించాడు. ఎనిమిదింటికి వసారా రేకుల అంచున ఉన్న దోనెను పరీక్షిస్తాడు. అర్ధగంటలో అది అయిపోతుంది. తరవాత స్నానం, పూజ, పదింటికి టిఫిను. వానాకాలం ముందు దోనెను ఎలా చూసుకోవాలో ముందురోజు ఫోనులో ఒక వీడియో చూసి, అది పాడైపోయిందని చెప్పే లక్షణాలను డైరీలో రాసి పెట్టుకున్నాడు.

దోనె అంటే, రేకుల మీద పడిన వాన నీటిని పట్టి వీధి వైపు గొట్టంలోకి దింపే రేకు కాలువ. వేసి పదకొండేళ్లయింది. పక్కింటి యేసేపు వంటింటి గోడ వెంబడి, జానెడు ఎడంలో పోతుంది. ఆ జానెడులోనే మూడేళ్ల తగవు ఇరుక్కుని ఉంది.

యేసేపు తాపీ మేస్త్రీ. అతని భార్య ఏసమ్మ బస్టాండు దగ్గర బండి మీద బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీలు అమ్ముతుంది. వాన పడినప్పుడల్లా వాళ్ల వంటింటి గోడ చెమ్మగిల్లి, దానికి ఆనించిన బొరుగుల మూటలు మెత్తబడేవి. "సార్, మీ దోనె అతుకు కాడ విడిసింది. వాటం గూడా తప్పింది. ఒగ గంట పని, నేనే సేసిస్తా" అని యేసేపు మూడేళ్ల కిందట మర్యాదగానే అన్నాడు. భీమసేనరావు అతన్ని కూర్చోబెట్టి, గోడ నేలలోని తేమను పైకి పీలుస్తుందనీ, దాన్ని కేశనాళికీయత అంటారనీ ముప్పావు గంట చెప్పాడు. యేసేపు లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. నిన్న సాయంత్రం మాత్రం మబ్బు పట్టడం చూసి ఏసమ్మ, "ఈ తూరి నా బొరుగులు తడిస్తే ఊరికే ఉండేది లేదు" అని వీధికంతా వినబడేలా ఆకాశంతో చెప్పింది. అందుకే ఈ పరీక్ష. దోనె నిర్దోషి అని మాస్టారు ఆధారాలతో రుజువు చేయదలచుకున్నాడు.

మొదట కింద నిలబడి కళ్లజోడు సవరించుకుని చూశాడు. తుప్పు పట్టిందా అన్నదానికి ఎదురుగా 'కొద్దిగా, సహజం' అని రాశాడు. నడుమ కుంగిందా అన్నదానికి 'మొదటినుంచీ అంతే' అని రాశాడు. గోడ మీద చారలకు 'పాతవి' అని రాశాడు. దోనెలో మొక్కలేమైనా మొలిచాయా అన్న దగ్గర తల ఎత్తి చూస్తే ఒక రావి మొక్క గాలికి ఊగుతోంది. కాసేపు ఆలోచించి 'ఆరోగ్యంగా ఉంది' అని రాశాడు.

ఇక మిగిలింది నీళ్ల పరీక్ష. పైనుంచి నీళ్లు పోస్తే గొట్టంలోంచి రావాలి. భీమసేనరావు నిచ్చెన వేసుకుని మిద్దె ఎక్కాడు. ఎక్కడో పైపు పగిలి ఆ వీధికి కొళాయి నీళ్లు రాక ఆరు రోజులైంది. అయినా సరే, ఇంట్లో మిగిలిన రెండు డ్రమ్ముల్లోంచి గోదావరి బకెట్టు నింపి తాడుకు కట్టింది. ఆయన దాన్ని లాక్కుని రేకుల మీద కుమ్మరించాడు.

"వచ్చిందా?"

"లేదు."

రెండో బకెట్టు పోశాడు. మూడోది పోశాడు. నీళ్లు రేకుల మీద జారి దోనెలోకి దిగుతున్నాయి. ఆ తరవాత ఎటు పోతున్నాయో పైనుంచి కనబడదు.

"ఒక్క చుక్క కూడా రాలేదండీ" అంది గోదావరి.

"ఎట్ల రాదు? భూమ్యాకర్షణ అనేది ఒకటి ఉంది. ఇంకా పంపు!"

ఎనిమిది బకెట్లకు ఒక డ్రమ్ము ఖాళీ అయింది. "ఇంక వంటకుండేది ఒక్క డ్రమ్మే. దిగండి మీరు" అంది గోదావరి.

భీమసేనరావుకు పౌరుషం వచ్చింది. ఇరవై ఏడేళ్లుగా వెనక బెంచీకి వినిపిస్తున్న గొంతుతో, "నీళ్లు వచ్చేదాకా దిగను!" అని అరిచాడు.

ఎదురింటి తిప్పమ్మ ఖాళీ బిందెతో గడపలో కూర్చుని ఉంది. ఆ కేక విని లేచి వచ్చింది. "ఏం గోదావరమ్మా, సారు నీళ్ల కోసం ఎక్కినాడా?"

"నీళ్ల కోసమే. వచ్చేదాకా దిగడంట" అంది గోదావరి విసుగ్గా.

అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు.

పావుగంటలో వీధిలోని బిందెలన్నీ మాస్టారి ఇంటి ముందు వరుస కట్టాయి. ఎక్కడ గొడవైనా ముందుండే శేషన్న బ్యాటరీ మైకు భుజాన వేసుకుని వచ్చాడు. "సూడండప్పా! ఉద్యోగం సేసే మనిసి, మన కోసం ఎండలో మిద్దెక్కి కూసున్నాడు. ఇంట్లో ఉండే నీళ్లు గూడా పారబోసి నిరసన సేస్తాండాడు!"

పైన భీమసేనరావు జనాన్ని చూసి ముందు ఆశ్చర్యపోయాడు, తరవాత సంతోషించాడు. తన దోనె సంగతి తేల్చడానికి ఊరే కదిలి వచ్చిందనుకున్నాడు. "అందరూ సాక్షిగా ఉండండి. తప్పు ఎవరిదో ఈరోజు తేలిపోవాల!" అన్నాడు.

"తేలాల! తేలాల!" అని జనం అందుకున్నారు.

"నాకింకా నీళ్లు కావాల!"

"మాకూ కావాల!"

తిప్పమ్మకు మనసు కరిగింది. ఇంట్లో దాచుకున్న సగం బిందె తెచ్చి తాడుకు కట్టింది. "ఇవి గూడా పొయ్యండి సార్, మున్సిపాలిటీ వాళ్లకు బుద్ధొస్తాది." ఆమెను చూసి ఇంకొకరు, వాళ్లను చూసి మరొకరు తెచ్చారు. ఆరు రోజులుగా వీధి కాపాడుకున్న నీళ్లన్నీ ఒక్క అర్ధగంటలో రేకుల మీద జారి దోనెలోకి దిగాయి. గొట్టం దగ్గర కాపలా ఉన్న గోదావరికి కాలి వేలు కూడా తడవలేదు.

ఈలోగా శేషన్న ఫోను మీద ఫోను చేస్తే వాల్వు తిప్పే సుంకప్ప మోటారు సైకిల్ మీద వచ్చాడు. జనాన్ని చూశాడు, మిద్దె మీది మాస్టారిని చూశాడు, గొంతు తగ్గించి శేషన్నతో అన్నాడు. "పైపు మొన్ననే అతికినారన్నా. వాల్వు తిప్పేది మర్సిపోయినా." వీధి చివరకు పరుగెత్తి తిప్పాడు. కొళాయిలు దగ్గి, తుమ్మి, ధారగా అందుకున్నాయి.

"వచ్చినాయి! నీళ్లొచ్చినాయి సార్, దిగండి!"

"నేను చెప్పలేదా!" అంటూ భీమసేనరావు నిచ్చెన దిగాడు. శేషన్న తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన మెడలో వేసి, మైకు చేతికిచ్చాడు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మూడేళ్లుగా నేను చెప్తాండేది ఇదే. లోపం నా వైపు లేదు. ఎంత నీళ్లు పోసినా గోడవతలికి ఒక్క చుక్క..."

అప్పుడే చర్చి నుంచి యేసేపు, ఏసమ్మ వచ్చారు. గుంపును తప్పించుకుంటూ వెళ్లి ఏసమ్మ తాళం తీసింది. తలుపు తెరవగానే నీళ్లు గడప దాటి మెట్ల మీదుగా వీధిలోకి దిగాయి. వాటి మీద తెల్లగా బొరుగులు తేలుతూ వచ్చాయి.

యేసేపు లోపలికి వెళ్లి చూసి వచ్చి, మాస్టారి నిచ్చెనను దోనె వైపు మార్చి ఎక్కాడు. రావి మొక్కను పట్టి లాగితే వేళ్లతో పాటు పావురాల గూడు, ఎండుటాకులు, ఒక రబ్బరు బంతి ఊడి వచ్చాయి. గొట్టం మూతి అక్కడ పూడిపోయింది. అతుకు దగ్గర బొటనవేలు పట్టేంత కంత ఉంది. నీళ్లన్నీ అందులోంచి వంటింటి కిటికీ గుండా లోపలికి దూకాయి.

"సార్, మీరు సెప్పింది ఇదేనా? కేశ... ఏందది?"

"కేశనాళికీయత" అన్నాడు భీమసేనరావు నెమ్మదిగా. తప్పు పలికితే సరిదిద్దకుండా ఉండలేడు.

ఏసమ్మ అరవలేదు. తడిసిన రెండు మూటలను బయటికి ఈడ్చి, వాటి పక్కన మెట్టు మీద కూలబడి, "రేపు బండి ఎట్ల పెట్టాల సార్?" అంది. మాస్టారు మెడలోని తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

గోదావరి వచ్చి మూట ముడి విప్పి చూసింది. "ఏసమ్మా, ఉగ్గానికి బొరుగులు ముందు తడపాల కదా?"

"తడపాల. పిండాల."

"తడిపేది అయిపోయింది. లే."

కింది మూట బురద పట్టి బర్రెలకు పోయింది. పైమూట తడిసినా శుభ్రంగానే ఉంది. మాస్టారి వాకిట్లో పొయ్యి పెట్టారు. తిప్పమ్మ ఉల్లిగడ్డలు తెచ్చింది, శేషన్న పచ్చిమిరపకాయలు తెప్పించాడు. స్నానం కాని భీమసేనరావు పీట మీద కూర్చుని గంటసేపు బొరుగులు పిండాడు. ఏసమ్మ తిరగమోత పెట్టింది. వీధి మొత్తం పొద్దుటినుంచి ఏమీ తినలేదు. "ఊరికే తినొద్దండప్పా, దుడ్లియ్యండి, ఇది ఆయమ్మ బతుకు" అని శేషన్న మైకులో చెప్పాడు. పన్నెండు కాకముందే గిన్నె అడుగు కనబడింది.

భీమసేనరావు చేతులు తుడుచుకుని మైకు అడిగి తీసుకున్నాడు. "దోనె నాది. తప్పు నాదే. యేసేపు మూడేళ్ల కిందటే చెప్పినాడు. నేను వినలేదు." ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరి చేతుల్లోనూ ఉగ్గాని ఉంది. యేసేపు మాత్రం తినడం ఆపి ఆయన వైపు చూసి, "సాయంత్రం వస్తా సార్" అన్నాడు.

వచ్చాడు. కంత మూసి, కుంగిన చోట ఎత్తి, కొత్త మేకులు కొట్టాడు. చెప్పినట్టే గంట పట్టింది. "ఏటా వానకు ముందు సేత్తో సెత్త తీసేస్తే సాలు సార్. నీళ్లు ఒగ సెంబు పోసి సూడండి. డ్రమ్ములు వద్దు." బుధవారం పడిన వానకు గొట్టం ధారగా పారింది. ఏసమ్మ వంటింటి గోడ పొడిగానే ఉంది.

మరుసటి ఆదివారం పొద్దున పక్క వీధి నుంచి పదిమంది పూలదండతో వచ్చారు. "సార్, మాకూ నీళ్లు రాక ఎనిమిది రోజులాయ. మా కోసం ఒగసారి ఎక్కాల."

భీమసేనరావు మొహమాటపడుతూ లేచాడు. గోదావరి నిచ్చెనను వంటింట్లో పెట్టి తలుపుకు తాళం వేసింది.