కామ్రేడ్ పోలిరాజు గారి సహకారు

“కారంటే అహంకారం కాదు, సహకారం!” అని రేవు కూలీల సంఘం శాఖా కార్యదర్శి కామ్రేడ్ పోలిరాజు గారు కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తమ పెరట్లో ప్రకటించారు. వినడానికి వారింట్లో అద్దెకున్న నేనూ, ఫిట్టరు గవరయ్యా ఇద్దరమే ఉన్నాం. అయినా మైకు పెట్టించారు.

పెరట్లో ఇటుకల మీద జపాను స్పోర్ట్స్ కారు. టర్బో రకం. పదమూడేళ్లు రేవులో అనాథగా పడుండి, వేలంలో వారి దయకు నోచుకుంది. ఇరవై ఏళ్లుగా సంఘం అంబాసిడరు వెనక సీట్లో మగ్గిన నాయకుడు ఇకనైనా ముందు సీటుకు రావాలని కార్మికవర్గం కోరుకుందట. నన్నెవరూ అడగలేదు గాని, నాదీ అదే కోరిక.

“టర్బో కూసిన్నాడు నీ ఉద్దోగం పర్మనెంటు గవరయ్యా! కుయ్యకపోతే గేటు బయటే!” అని కారు బాగుచేసే పని అప్పగించారు పోలిరాజు గారు.

పదకొండేళ్ల టెంపరరీలో టెంపరంతా పోయిన మనిషి గవరయ్య. చేతులు జోడించాడు.

టర్బో అంటే బయటికి పోయే పొగతో చక్రం తిప్పి, ఇంజనులోకి గాలి కొట్టే యంత్రం; కారు జోరందుకుంటే ఈలలా కూస్తుంది. ఉత్త పొగతో ముందుకు పోవడమన్నమాట. పోలిరాజు గారి ఉపన్యాసాలు విన్నవాళ్లకి ఇది కొత్త సూత్రం కాదు.

మర్నాడు గవరయ్య బానెట్ ఎత్తి నన్ను సైగతో పిలిచాడు.

“బాబూ, ఇది ఉత్త డొల్ల. లోన సెక్కరం నేదు. రేవులోనే ఎవుడో ఎత్తుకుపోనాడు. మీరు సెప్పకండి.”

“నడిపితే తెలిసిపోదూ?”

“టర్బో కుయ్యాలంటే మైలు దూరం కాళీ రోడ్డుండాల. ట్రాములు, రిక్షాలు, ఊరేగింపులు... ఈ కలకత్తాల కాళీమాత తప్ప కాళీ రోడ్డు మీకెక్కడైనా అగుపించిందేటి?”

ధైర్యంగా డొల్లనే పాలిష్ చేసి బిగించాడు. ఆర్నెల్లలో కారుకి ఎర్రరంగు పడింది. వెనక, ఓడల రేకుతో చేసిన రెక్క మొలిచింది. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్ల నాయకుడి కారుకి రెక్క ఉండాల్సిందే. కారు మాత్రం గేటు దాటలేదు. “కాళీ రోడ్డు దొరికినదాకా టర్బోని అవమానించను,” అనేవారు పోలిరాజు గారు.

ఒకరోజు వారి సతీమణి కాసులమ్మ గారు అందరి ముందూ అనేశారు:

“కదలని కారుకి రెక్కలెందుకయ్యా? దాని మీద వొడియాలు ఎండబెట్టుకుంటాను, ఇటియ్యి!”

నాయకుడు లేచి నిలబడ్డారు. మైకు అడిగారు. “కేంద్రం పోకడలకి నిరసనగా సోమారం బందు! రోడ్డు కాళీ! అందరి ఎదురుగా టర్బో కూస్తాది!”

గవరయ్య మొహం డొల్లయింది. “నా బతుకు రోడ్డున పడిపోనాది బాబూ!”

సోమవారం బందు దిగ్విజయం. బందుకి అందరూ బంధువులే. నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్లు వికెట్లు పీకి దారిచ్చారు. మైలు పొడవునా ఖాళీ. ఇటు జనం, అటు జెండాలతో పికెటింగు దళం, మధ్య పత్రికల వాళ్లు. కారు కప్పలా రెండు గెంతులు వేసి బయల్దేరింది.

దళంలోంచి ఎర్రజెండా పట్టుకుని గవరయ్య ఉరికాడు. రోడ్డుకి అడ్డంగా పడుకున్నాడు.

“బందంటే బందే! ఏ బండీ నడవకూడదు! చొల్బే నా!”

“చొల్బే నా! చొల్బే నా!” ‘నడవదు’ అనే ఆ బెంగాలీ నినాదాన్ని దళం అలవాటు కొద్దీ అందుకుంది.

కారు వస్తూనే ఉంది. గవరయ్య ముక్కుకి జానెడు దూరంలో దగ్గి, వణికి, బందుని గౌరవించి ఇంజనూ బంద్ అయింది.

పోలిరాజు గారు దిగారు. కెమెరాల వైపు చూశారు. గవరయ్యని లేపి గుండెకి హత్తుకున్నారు.

“సూడండి, ఇదీ క్రమశిక్షణ! తన నాయకుణ్ణే ఆపిన కార్మికుడు! ఈ రోజు నుంచి ఈడి ఉద్దోగం పర్మనెంటు!”

చప్పట్లు మోగాయి. నాయకుడి కళ్లలో నీళ్లు. కౌగిలి మాత్రం విడవలేదు. పక్కనే ఉన్నాను గనక, వారు గవరయ్య చెవిలో అన్న మాట నాకూ వినిపించింది.

“నీ మేలు మర్చిపోనురా. ఇంతకీ... కాళ్ల కాడ మూడున్నాయి కదా, అందల బ్రేకు ఏదిరా?”