ఇరవయ్యో మెట్టు

ఆ గురువారం ఉదయం పుస్తకాల బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ భార్య చెప్పే కబుర్లు వినడం, కింది అంతస్తులో ఉన్న తన దుకాణం తెరవడం, అపార్ట్‌మెంటు సంఘం వారి నియమావళి కుట్టి మధ్యాహ్నానికల్లా సెక్రటరీగారి చేతిలో పెట్టడం. కాఫీ దగ్గరే అది బెడిసికొట్టింది. ఆవిడ ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా రెండో చేత్తో కాఫీ పోసింది. కాఫీ అంతా సాసరులో పడింది.

"ఏమిటోయ్ అది?"

"పాత ఫ్రెంచి దయ్యం కథండీ, తెలుగులో వేశారు. ఆ బంగళాకి మెట్లు పంతొమ్మిది. ఓ రోజు లెక్కపెడితే ఇరవై ఉంటాయి! చూడండి, రోమాలెలా నిక్కబొడుచుకున్నాయో!"

పెళ్ళయిన పదకొండేళ్ళలో తన వల్ల ఆవిడకి ఒక్క రోమమూ నిక్కబొడుచుకోలేదు. బైండరు మనసు చివుక్కుమంది.

"ఎవరిచ్చారు?"

"పైనున్న పళ్ళ డాక్టరుగారు. లైబ్రరీ నుంచి తెచ్చారట. ఆ కథ గురించి ఆయన చెబుతుంటే వినాలి!"

చివుక్కుమన్నది కాస్తా భగ్గుమంది. పళ్ళ డాక్టరుకి నెత్తినిండా జుట్టుంది. పెళ్ళి కాలేదు. నవ్వితే ముప్పై రెండూ కనిపిస్తాయి. బైండరుకి జుట్టెప్పుడో సెలవు తీసుకుంది, వేళ్ళకి జిగురు మాత్రం శాశ్వతంగా ఉండిపోయింది.

"కుట్లు సడలాయి. బాగుచేసి సాయంత్రానికిస్తాను," అని పుస్తకం దుకాణానికి పట్టుకుపోయాడు. ఎంత కడుపుమంట ఉన్నా బైండరన్నవాడు కాగితం చింపడు. కథ చివరి ఎనిమిది పేజీల దారం శుభ్రంగా కోసి, ఒక్క ముక్కయినా చదవకుండా, ఎవరి కంటా పడకుండా నియమావళి కాగితాల మధ్య దూర్చాడు. రెండూ ఒకటే కొలత. ముగింపు దొరక్కపోతే మోజు దానంతటదే తగ్గుతుందని ఆయన నమ్మకం.

అప్పుడే పళ్ళ డాక్టరు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "మేడంగారు ఇంట్లోనే ఉన్నారాండీ? కథ ఎందాకా వచ్చిందో అడుగుదామని," అంటూ ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు. బైండరు చెవులు కూడా ఆయన వెంటే వెళ్ళాయి. చేతులు మాత్రం ఇరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ వాటి పని అవి చేసుకుపోయాయి. మధ్యాహ్నానికి నియమావళి కుట్టి, అట్ట వేసి, అంచులు కోసి, సెక్రటరీగారికి అందించడం కూడా అయిపోయింది.

సాయంత్రం భార్య పుస్తకం ముందుకీ వెనక్కీ తిప్పింది. "ఏవండీ, దీనికి ముగింపే లేదు!"

"లైబ్రరీ పుస్తకాలంతే."

"పోన్లెండి, డాక్టరుగారు చదివేశారుగా. రోజూ వెళ్ళి కొంచెం కొంచెం చెప్పించుకుంటాను."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈయన ఆ గోతికి అట్ట కూడా వేసుకున్నాడు. పేజీలు తిరిగి పెట్టేద్దామని దుకాణానికి పరిగెత్తి చూస్తే కాగితాల కట్టే లేదు. దాన్ని పేజీలతో సహా నియమావళిలో కుట్టేసి సెక్రటరీగారికి ఇచ్చేశానని అప్పుడు గుర్తొచ్చింది.

"సార్, ఒక్కసారి ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. జిగురు ఆరలేదు," అని సెక్రటరీగారిని బతిమాలాడు.

సెక్రటరీగారు రిటైరైన రైల్వే అనౌన్సరు. ఆయన అనుమానంగా చూశారు. "తొమ్మిదో నియమం మార్చేద్దామనే కదయ్యా? నీ జిగురు కంపు గురించి రాసిందేగా అది! బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆదివారం మీటింగులోనే తీస్తాను."

శనివారం భార్య పైనున్న డాక్టరుగారి క్లినిక్కుకి వెళ్ళింది. ఆగలేక బైండరూ వెళ్ళాడు. గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుతుంటే డాక్టరు చూడనే చూశాడు.

"అయ్యో, పన్ను నొప్పా?"

గూఢచారినని చెప్పలేక తల ఊపాడు. మరుక్షణం కుర్చీలో ఉన్నాడు. తెరిచిన ఆయన నోటి మీదుగా భార్యా డాక్టరూ ఇరవయ్యో మెట్టు గురించి ముచ్చటించుకుంటుంటే, అడ్డుపడదామన్నా నోట్లో దూది. గట్టిగా ఉన్న దవడపన్నొకటి ఊడొచ్చింది. దాని బాధకంటే, ఆవిడ పకపకా నవ్వడమే ఎక్కువ బాధించింది.

ఆదివారం పదింటికి అందరూ సమావేశమయ్యారు. వాచిన బుగ్గతో బైండరు చివరి వరసలో కూర్చున్నాడు. చేతికిచ్చిన కాగితం చదవడమే తప్ప అందులో ఏముందో వినే అలవాటు సెక్రటరీగారికి ఉద్యోగంలోనే పోయింది.

"నియమం పద్నాలుగు. మెట్ల మీద చెప్పులు, సైకిళ్ళు, పూలకుండీలు పెట్టరాదు. దయచేసి గమనించగలరు." పేజీ తిప్పారు. గొంతు మారలేదు. "ఇరవయ్యో మెట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. దయచేసి గమనించగలరు."

ఎనిమిది పేజీలూ చదివారాయన. బంగళా యజమాని భార్యను అనుమానించి రోజూ మెట్ల మీద కాపలా కాస్తాడు. చివరికి దీపం పట్టుకుని పైకెక్కి చూస్తే అక్కడ కూర్చున్నది తనే. ఆవిడ విసిగి ఇల్లు విడిచి నలభై ఏళ్ళయిందని, కాపలా మాత్రం తను మానలేదని అప్పుడు గుర్తొస్తుంది. బైండరుకి ఒంటిమీద రోమాలన్నీ లేచి నిలబడ్డాయి. నిజంగా భయమేసింది.

"నియమం పదిహేను. నీళ్ళ మోటారు..."

"అమ్మయ్య! అదా ముగింపు!" అని పళ్ళ డాక్టరు లేచాడు.

"అదేమిటండీ, మీరు చదివానన్నారుగా?" అంది బైండరు భార్య.

"ఇరవయ్యో మెట్టు దగ్గర భయమేసి మూసేశానండీ. మీరు చదివి చెబుతారని మీకిచ్చాను. మీరేమో నన్నే అడిగారు. పరువు పోతుందని ఏదో అల్లుకొచ్చాను."

ఆవిడ మెల్లిగా మొగుడి వైపు తిరిగింది. ఆ భవనంలో పుస్తకాలు కుట్టేది ఒక్కడే.

"ఎందుకు చేశారండీ?"

"కాఫీ... సాసరులో పోశావు," అన్నాడు వాచిన బుగ్గతో.

"ఓ మాటంటే మీకూ చదివి వినిపించేదాన్నిగా!"

ఆ మాట వెనక వరసదాకా వినిపించింది. అయితే మొదటి భాగం మాకూ వినిపించాలని ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళూ పట్టుబట్టారు. ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికి మెట్ల కింద కుర్చీ వేసుకుని చదువుతోంది. పళ్ళ డాక్టరు అందరికంటే ముందు వచ్చి మొదటి మెట్టు ఆక్రమిస్తాడు. బైండరు దుకాణం కట్టేసి వచ్చేసరికి మెట్లన్నీ నిండిపోయి ఉంటాయి. ఆయన పక్కనుంచి ఎలాగో పైకెక్కి, ఇంకా పైనున్న మెట్టు మీద, అందరి తలల మీదుగా భార్యనే చూస్తూ కూర్చుంటాడు.

ఆ భవనానికి మెట్లు పంతొమ్మిదే.