సున్నా: కాశమ్మ

పలకల మిల్లులో ఇరవై రెండేళ్లు రాయి కోసి, ఆ రాతి దుమ్ముతోనే ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయిన కాశమ్మ అనే మనిషి అసలు లేనే లేదని వర్ణపట నిర్ధారణ కార్యాలయం తేల్చింది. తేల్చిన కాగితాన్ని ఆమె మొగుడు యోగయ్య చేతికిచ్చింది. కాగితం మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. కాశమ్మ ఒక్కతే లేదు.

ఆ ఊళ్లో ఇది కొత్త సంగతి కాదు. నాలుగేళ్ల కిందట ఒక ఉత్తర్వు వచ్చింది. చనిపోయిన మనిషి పేరు మరణాల పుస్తకంలోకి ఎక్కాలంటే ముందు ఆ మనిషి వెంట్రుకలు తెచ్చి కార్యాలయంలో యంత్రం కింద పెట్టాలి. యంత్రం వాటి మీద వెలుతురు వేసి చూస్తుంది. వెలుతురును ఏదైనా మింగితే మనిషి ఉన్నట్టు, మింగకపోతే లేనట్టు. లేని మనిషి చావడం కుదరదు కాబట్టి ఈ నాలుగేళ్లలో ఊళ్లో ఒక్క చావు కూడా నమోదు కాలేదు. అందుకు కార్యాలయానికి రెండుసార్లు ప్రశంసాపత్రం వచ్చింది. శ్మశానాన్ని మాత్రం ఒకసారి పెంచాల్సి వచ్చింది.

యోగయ్యకు కావలసింది ఒక్క వరస. పుస్తకంలో కాశమ్మ పేరు, పక్కన చనిపోయిందని, కారణం రాతి దుమ్మని. పెళ్లయిన మూడో నెలలో ఆమెను కొండ అవతలి పల్లె నుంచి ఈ ఊరికి తెచ్చింది అతనే. మిల్లులో రంపం ముందు కూర్చోబెట్టింది అతనే. తను మాత్రం షెడ్డు బయట, గాలి ఆడే చోట, పలకలకు చెక్క చట్రాలు బిగించేవాడు. రంపం దగ్గర ఆడవాళ్లే కూర్చోవాలని ఎవరు పెట్టారో తెలియదు. అతను ఏనాడూ అడగలేదు.

కాగితం పట్టుకుని లోపలికి పోయాడు. అధికారి కుర్చీలో భక్తవత్సలం కూర్చుని ఉన్నాడు. ఆ కుర్చీ మూడేళ్లుగా ఖాళీ. భక్తవత్సలం ఆ ఊరికి వచ్చిన రెండో ఏడు సిబ్బంది అందరి వెంట్రుకలూ పెట్టి చూశారు. ఆయనవీ ఏ వెలుతురునూ మింగలేదు. దాంతో పోస్టు ఖాళీ అని పైకి రాశారు. ఆయన మాత్రం రోజూ పదింటికి వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చుని, ఖాళీ పోస్టు తరఫున సంతకాలు పెడుతున్నాడు.

"అయ్యా, నా పెళ్లాం లేదని రాశారు."

"లేదు కదయ్యా మరి."

"చచ్చిపోయింది గాబట్టి లేదు."

"అట్లా కాదు. చచ్చిపోయి లేకపోవడం వేరు, మామూలుగా లేకపోవడం వేరు. మీ ఆవిడది రెండో రకం."

"మరి ఇరవై రెండేళ్లు నాకు అన్నం వండిపెట్టిందెవరు?"

"అది మా శాఖ కిందికి రాదు." భక్తవత్సలం కాగితం తిప్పి చూపించాడు. వెనకవైపు, దరఖాస్తుదారు అన్న చోట కూడా 'లేరు' అనే ఉంది. "నీది కూడా అంతే. లేనివాడివి లేనిదాని గురించి అడుగుతున్నావు. అయినా కూర్చోబెట్టి మాట్లాడుతున్నామంటే మా మర్యాద చూడు."

యోగయ్య కూర్చోలేదు. యంత్రం ఉన్న గదిలోకి పోయాడు. దాన్ని నడిపేది మెహరున్నీసా. ఎవరు అడిగినా ఆమె చెప్పేది. ఎవరూ అడిగేవారు కాదు.

యంత్రం గనుల శాఖ నుంచి వచ్చిన పాతదని చెప్పింది. దానికి రాయి తప్ప కండా వెంట్రుకా కనిపించవు. ప్రతి పదార్థమూ వెలుతురులో తన వాటా తను మింగుతుంది. ఏది ఎంత మింగిందో కాగితం మీద గీతగా వస్తుంది. రాతి దుమ్ము ఉంటే గీత ఒకచోట రెండు కొమ్ములుగా లేస్తుంది. పక్కపక్కనే, మేకపిల్ల కొమ్ముల్లాగా. అవి లేస్తే మనిషి ఉన్నట్టు.

"మా కాశమ్మకు లేవలేదా? ఆమె నిండా రాయే గదమ్మా."

"పెద్దాయనా, తూకం వేసే ముందు ఖాళీ తక్కెడ పెట్టి ముల్లు సరిచూస్తారు కదా. ఇదీ అంతే. పొద్దున పదింటికి కిటికీ తెరిచి దీనికి ఉత్త గాలి చూపిస్తాను. అందులో ఎంత ఉందో దాన్ని సున్నా అనుకోమంటాను. ఆ తర్వాత ఎవరిని పెట్టినా అంతా తీసేసి మిగిలింది చెబుతుంది."

"కిటికీ ఎటుంది?"

"మిల్లు వైపు."

యోగయ్య కిటికీ దాకా పోయి చూశాడు. అవతల రంపాలు అరుస్తున్నాయి. షెడ్డు మీద, రోడ్డు మీద, కిటికీ ఊచల మీద ఒకటే బూడిద రంగు. వేలితో ఊచను తుడిచి చూసుకున్నాడు. సాయంత్రం కాశమ్మ ఇంటికొచ్చి, గడప బయట నిలబడి, కొంగు దులిపితే పడేది ఇదే.

"ఇదంతా తీసేస్తదా?"

"రోజూ."

"అయితే ఊళ్లో ఎవరూ మిగలరు."

"మిగల్లేదు" అంది మెహరున్నీసా.

కిటికీ మూసి చూడమన్నాడు. తెరిచే చూడాలని నిబంధన ఉంది. ఇంకో దారి లేదా అని అడిగాడు. ఆమె నిబంధనల పుస్తకం తీసి చాలాసేపు తిప్పింది. పదకొండో పేజీలో ఉంది: ఉత్త గాలికి బదులు, మృతుల వెంట్రుకల్లోనే పూర్వకాలానివి దొరికితే వాటిని సున్నాగా పెట్టవచ్చు. ఎవరూ ఇంతవరకూ తేలేదు. చనిపోయిన మనిషి పాత వెంట్రుకలు దాచేవాళ్లు ఎక్కడుంటారని ఆమె అనుకుంది.

యోగయ్య ఇంటికి పోయాడు.

ఆ ఊరి ఆడవాళ్లు తల దువ్వుకుని, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి ముడి వేసి గోడ సందులో దోపుతారు. స్టీలు సామాన్లవాడు వచ్చినప్పుడు అవి ఇచ్చి గరిటెలో గిన్నెలో తీసుకుంటారు. కాశమ్మ కన్ను మాత్రం నీళ్ల బిందె మీద ఉండేది. వాడు వచ్చినప్పుడల్లా తన మూట చూపించేది. "దీనికి చెంబే వస్తదమ్మా" అనేవాడు వాడు. "అయితే నీ చెంబు నువ్వే పెట్టుకో. ఇంకొంచెం కానీ" అనేది. అట్లా ఇరవై రెండేళ్లు ఇంకొంచెం అయింది. ముడులన్నీ ఇంటికప్పులో దూలం పక్కన ఉన్న బొంగులోకి ఒకదాని వెనక ఒకటి తోసింది. అన్నిటికన్నా లోపల ఉన్నది ఆమె పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు దువ్వెనతోపాటు గుడ్డలో చుట్టి తెచ్చుకున్న ముడి.

యోగయ్య నిచ్చెన వేసి బొంగు కోశాడు. మర్నాడు దాన్ని భుజాన వేసుకుని కార్యాలయానికి వచ్చాడు. బొంగు పొడవునా చీలిస్తే వెంట్రుకలు వరసగా కనిపించాయి. ఒక చివర నల్లగా, మెత్తగా. మధ్యలో మాసిన రంగు. రెండో చివర బూడిద రంగులో, చీపురు పుల్లల్లాగా బిరుసుగా. వయసు వల్ల నెరిసినవేవో దుమ్ము వల్ల నెరిసినవేవో కంటికి తెలియలేదు.

మెహరున్నీసా మొదటి ముడిని సున్నాగా పెట్టింది. చివరి ముడిని దాని పక్కన పెట్టి మీట నొక్కింది. గీత కొంతసేపు నేల మీద పాకినట్టు పాకి, ఒక్కసారిగా లేచింది. రెండు కొమ్ములు. కాగితం అంచు దాటి బల్ల మీద కూడా కొంత గీసింది. ఆ విధంగా పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కాశమ్మ ఉంది.

కాశమ్మ దగ్గర ఆగితే బాగుండేది. సున్నా మారిన సంగతి యంత్రానికి తెలుసు, యంత్రం ఉన్న కార్యాలయంలో అందరికీ అదే సున్నా. ముందు అటెండరు ఉన్నాడు. ఉన్నాడో లేదో దగ్గడం మొదలుపెట్టాడు. తర్వాత మెహరున్నీసా ఉంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. బయట వరండాలో క్యూలో నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే ఉండసాగారు. ఉన్నవాళ్లంతా దగ్గారు. చివరికి ఖాళీ కుర్చీలో భక్తవత్సలం ఉన్నాడు. ఆయన తన చేతులు చూసుకుని భయపడ్డాడు. తను ఉన్నాడంటే మూడేళ్ల హాజరు చూపించాలి. అంతకన్నా ముందు, నాలుగేళ్లలో లేరని రాసిన పదకొండు వందల మందిని మళ్లీ పెట్టి చూడాలి. వాళ్లందరూ ఉండి, చనిపోయి, ఒక్క కారణం చేతనే చనిపోయారని తేలితే ఆ కాగితం ఎవరికి పంపాలో ఏ నిబంధనలోనూ లేదు.

"ఆపమ్మా ముందు" అన్నాడు.

మెహరున్నీసా ఆపింది. కిటికీ తెరిచింది. ఎవరూ లేరు. దగ్గులు ఆగాయి.

భక్తవత్సలం మంచినీళ్లు తాగి యోగయ్యను పిలిచాడు. ఈసారి మర్యాదగానే పిలిచాడు.

"చూడు యోగయ్యా. ఆ మొదటి ముడి కొండ అవతలిది. మన పరిధిలోది కాదు. మన ఊళ్లో సున్నా అంటే మన ఊరి గాలే. అంత శుభ్రమైన సున్నా పెడితే ఎవడైనా దోషిగానే తేలతాడు. దాన్ని తీసుకుపో."

"అయితే మా కాశమ్మ?"

"అదే చెప్పబోతున్నా. కిటికీ తెరవడంతో మాకు తలనొప్పిగా ఉంది. గాలివాటం బట్టి రోజూ సున్నా మారుతోంది. మొన్న వాన పడ్డ రోజు ఇద్దరు మనుషులు కొద్దిగా ఉన్నారు. మీ ఆవిడ చివరి ముడి ఉందే, అచ్చం ఊరి గాలి. వెంట్రుకవాసి తేడా లేదు. ఇంత మంచి సున్నా నా సర్వీసులో చూడలేదు. దాన్నే కార్యాలయం సున్నాగా పెడదాం. నిబంధన ప్రకారం, సున్నాగా ఎవరిని పెట్టామో వాళ్ల పేరు ప్రతి నివేదిక మీదా పైన రాయాలి."

యోగయ్య తల ఎత్తాడు. "పేరు రాస్తారా?"

"అచ్చులో. మొదటి వరస."

"పుస్తకంలో?"

"పుస్తకం ఎందుకయ్యా, సంవత్సరానికోసారి కూడా ఎవరూ తెరవరు. ఇది ఊళ్లో ప్రతి ఇంటికీ పోయే కాగితం."

యోగయ్య ఐదో తరగతి దాకా పల్లె బళ్లో చదువుకున్నాడు. పేరు రాసి ఉంటే మనిషి ఉన్నట్టని అక్కడ నేర్పారు. అందరిలోనూ లేని కాశమ్మ పేరు అందరికన్నా పైన ఉంటుందంటే కాదనడానికి అతనికి కారణం కనిపించలేదు. చూపించిన చోట సంతకం పెట్టాడు. మెహరున్నీసా ఏదో చెప్పబోయి, అధికారి ముఖం చూసి, బొంగు ముక్కలు ఏరింది.

సున్నాను పొద్దున డబ్బాలోంచి తీసి యంత్రంలో పెట్టి, సాయంత్రం మళ్లీ డబ్బాలో పెట్టడానికి ఒక మనిషి కావాలి. మృతుల దగ్గరి బంధువై ఉండాలని నిబంధన. మృతురాలు లేదు కాబట్టి బంధువు కూడా లేనివాడైతే సరిపోతుందని భక్తవత్సలం వివరణ రాసి పంపాడు. యోగయ్యకు ఒక స్టూలు ఇచ్చారు, ఒక గుడ్డ ఇచ్చారు. వచ్చినవాళ్లు దగ్గితే బల్ల మీద పడేది ఆ గుడ్డతో తుడవాలి.

మొదటి ముడిని అతను మళ్లీ బొంగు ముక్కలో పెట్టి, రెండు వైపులా మన్ను కూరి, దూలం మీద పెట్టాడు.

మొదటి నివేదిక తయారైన రోజు దాన్ని కూడబలుక్కుని చదివాడు. పైన: సున్నా: కాశమ్మ. కింద ఎవరిదో పేరు. దాని కింద: లేరు. రెండోదీ అంతే. కిటికీ ఇక తెరవలేదు. వాన వచ్చినా గాలి తిరిగినా ఒక్కరు కూడా కొద్దిగానైనా ఉండలేదు. కార్యాలయానికి మూడో ప్రశంసాపత్రం వచ్చింది.

మూడో నెలలో తిరుపాలమ్మ వచ్చింది. మిల్లులో కాశమ్మ పక్క రంపం ఆమెది. ఒక్క చెంబులో నీళ్లు తాగినవాళ్లు. మెట్లెక్కి రావడానికి నాలుగుసార్లు ఆగింది.

"ఏంది బావా, గవుర్మెంటు స్టూలెక్కినావంటగా. మీసం కూడా దువ్వినట్టుండావే."

"ఎవరి వెంట్రుకలు?"

"నాయే. సచ్చినాక మీరేం తేలుస్తారో నాకెట్టా తెలస్తది. బతికుండంగనే తెలుసుకుందామని తెచ్చుకున్నా."

మెహరున్నీసా పెట్టి చూసింది. కాగితం వచ్చింది. తిరుపాలమ్మ వేలు పెట్టి పై వరస మీద ఒక్కొక్క అక్షరమే చదివింది.

"ఇది మా కాశక్క పేరు గదా బావా?"

"అవును."

"మా అక్కని పెట్టి నన్ను లేదంటున్నారా?"

యోగయ్య బల్ల తుడిచాడు. తిరుపాలమ్మ దగ్గు ఆగేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"మొదటి ముడి నీ కాడనే ఉందంట. ఊరంతా అంటాండారు. ఒక్కసారి ఇయ్యి బావా. అది పెట్టి చూస్తే నేనుంటా. ఉన్నానని కాగితం రానీ, ఆనక సస్తే సచ్చినా."

మెహరున్నీసా కూడా అతని వైపే చూస్తోంది. యోగయ్య ఆలోచించాడు. ఆ ముడి పెడితే తిరుపాలమ్మ ఉంటుంది. అటెండరూ ఉంటాడు, క్యూలో వాళ్లూ ఉంటారు. కాశమ్మ మాత్రం ఇక సున్నా కాదు. కాగితం మీద మొదటి వరస పోతుంది. ఇరవై రెండేళ్లు ఆమె దగ్గితే, ఆ పక్క రంపం ఒక్క పూటైనా ఆగలేదు. తన చట్రాల పనీ ఆగలేదు.

"లేదు" అన్నాడు.

"యాడికి పోయింది?"

"స్టీలు సామాన్లోడికి ఇచ్చేసినా."

"బిందె ఇచ్చినాడా?"

"ఇయ్యలా."

తిరుపాలమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. బల్ల మీద సన్నగా బూడిద రంగు పడింది. అతను తుడిచాడు.

"నువ్వు బాగా లేకుండా పోయినావు బావా" అంటూ కాగితం మడిచి రవికెలో దోపుకుంది.

"కాశమ్మ సంగతి ఇంక నాకాడ ఎత్తొద్దు" అన్నాడు యోగయ్య. "ఎవరొచ్చి అడిగినా నేను మాట్లాడను."

మాట్లాడలేదు. పుష్యమాసంలో తిరుపాలమ్మ వెంట్రుకలు మళ్లీ వచ్చాయి, ఈసారి ఆమె కొడుకు చేతిలో. యోగయ్య డబ్బా తెరిచి సున్నాను యంత్రంలో పెట్టాడు. కాగితం వచ్చాక ఆ కొడుకు పై వరస చూసి, ఈ కాశమ్మ ఎవరని అడిగాడు. యోగయ్య బల్ల తుడిచి, వెనకనున్నవాళ్లను ముందుకు రమ్మన్నాడు.